చీనీకాయలు వేశాక గోబర్ గ్యాస్ ఎందుకు వెలగడం లేదు? కిణ్వనం, అవాయు శ్వాసక్రియ, ఇథనాల్ గురించి

అనంతపురం జిల్లా నార్పల దగ్గర పల్లె నుంచి బీఎస్సీ చదివే తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇది. వాళ్లింట్లో 2 ఘనపు మీటర్ల దీనబంధు గోబర్ గ్యాస్ ప్లాంటు ఉంది. చీనీ (బత్తాయి) ధర పడిపోయిన వారంలో, తోటలో రాలిన కాయలు పారేయడం ఎందుకని నాలుగైదు గంపలు తొక్కతో సహా నలగ్గొట్టి ట్యాంకులో పోశారు. పది రోజులు తిరిగేసరికి పొయ్యి వెలగడం మానేసింది. గ్యాస్ సుయ్‌మని వస్తోంది కానీ అగ్గిపుల్ల పెడితే పుల్లే ఆరిపోతోంది. వాళ్ల నాయన ట్యాంకులోకి దిగి అంతా తోడి కడిగేద్దామంటున్నాడు. దీంతోపాటు ఇంకో రెండు ప్రశ్నలు. పుస్తకంలో అవాయు శ్వాసక్రియ (ఆక్సిజన్ లేకుండా శ్వాసించడం), కిణ్వనం (పులియడం) ఒకటే అన్నట్టు ఉంది, లెక్చరర్ వేరు అంటున్నారు, ఏది నిజం? పారబోసే చీనీకాయలతో ఇంట్లోనే ఇథనాల్ తీసి బండికి పోసుకోవచ్చా?

తమ్ముడూ, ముందు మీ నాయన సంగతి. ఆయన్ను ట్యాంకులోకి దిగనివ్వొద్దు. ఈ జవాబులో మిగతాదంతా రేపు చదివినా ఫర్వాలేదు, ఈ ఒక్క మాట మాత్రం ఇప్పుడే పోయి చెప్పు.

మాది కర్నూలు వైపు నల్లరేగడి ఊరు. మా తాతకు జొన్నల పాతర ఉండేది. పాతర మూత తీసిన పూట ఆయన ఎవరినీ దిగనిచ్చేవాడు కాదు. ఒక రోజు తెరిచి ఉంచి, తర్వాత తాడుకు కట్టిన బుడ్డి దీపాన్ని మెల్లగా లోపలికి దించేవాడు. దీపం రెపరెపలాడి ఆరిపోతే మూతి చుట్టూ ఉన్న పిల్లలందరినీ వెనక్కి తోసి, ఇంకో రోజు ఆగేవాడు. గింజ కూడా శ్వాసిస్తుంది. మూసిన గుంతలో ఉన్న ఆక్సిజన్‌ను వాడుకుని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. అది గాలి కంటే బరువు కాబట్టి అడుగున పేరుకుంటుంది. అందులో పురుగు కూడా బతకలేదు, అందుకే పాతర జొన్న అన్నేళ్లు నిలిచేది. మనిషి దిగినా అంతే.

మీ ట్యాంకు ఆ పాతర కంటే ప్రమాదం. అక్కడ దీపం పరీక్ష కూడా చేయకూడదు. గోబర్ గ్యాస్‌లో మండే భాగం మీథేన్, అది గాలిలో 5 నుంచి 15 శాతం వరకు కలిసి ఉంటే నిప్పు తగిలిన వెంటనే పేలుతుంది. పైగా హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు. వాసన లేదు కదా అని దిగిన మనిషి రెండు మూడు ఊపిరులకే పడిపోతాడు. పడిపోయినవాణ్ణి లాగడానికి ఇంకొకరు దిగుతారు. ఇలాంటి చోట్ల ఒక్క ప్రాణంతో ఆగదు, ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోతారు. నీ సమస్యకు ట్యాంకు కడగాల్సిన అవసరమే లేదు. బయట నిలబడి బాగు చేసుకోవచ్చు, ఎలాగో కింద రాస్తాను.

ఇప్పుడు పుస్తకం ప్రశ్న. ఇది అర్థమైతే మీ పొయ్యి ఎందుకు ఆరిందో సగం తెలిసిపోతుంది.

ఏ జీవకణమైనా చక్కెరను విరిచేటప్పుడు ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి. వాటిని ఎన్ఏడీ అనే అణువు ఎత్తుకుంటుంది. నెత్తిన గంప పెట్టుకున్న కూలీ మనిషి అనుకో. ఆ గంప ఎక్కడో దించితేనే తిరిగొచ్చి ఇంకో గంప ఎత్తగలడు. దించే చోటు లేకపోతే పని ఆగిపోతుంది. కణానికి ఉన్న ఇబ్బంది అంతా ఈ దింపుడు దగ్గరే.

ఆక్సిజన్ ఉంటే ఇబ్బంది లేదు. ఎలక్ట్రాన్లు మెట్టు మెట్టుగా దిగుతాయి, ప్రతి మెట్టు దగ్గరా కణం కొంత శక్తి రాబట్టుకుంటుంది, చివర ఆక్సిజన్ అందుకుంటుంది. ఒక గ్లూకోజ్ అణువుకు సుమారు 30 నుంచి 32 ఏటీపీలు (కణం శక్తిని ఖర్చుపెట్టుకునే నాణేలు అనుకో) వస్తాయి. పాత పుస్తకాల్లో 36, 38 అని ఉంటుంది, కంగారు పడొద్దు, తర్వాత లెక్క సరిచేశారు.

అవాయు శ్వాసక్రియలో కూడా ఆ మెట్లు ఉంటాయి, అంటే ఎలక్ట్రాన్ రవాణా గొలుసు ఉంటుంది. కింద నిలబడి అందుకునేది మాత్రం ఆక్సిజన్ కాదు. నైట్రేట్ కావచ్చు, సల్ఫేట్ కావచ్చు, కార్బన్ డయాక్సైడ్ కావచ్చు. ఏదైనా బయటి నుంచి వచ్చిన పదార్థమే. కిణ్వనంలో అలా అందుకునేవాళ్లు ఎవరూ లేరు, మెట్లు కూడా లేవు. అందుకని విరిచిన చక్కెర ముక్క మీదనే బరువు దించేస్తుంది. ఆ ముక్క పేరు పైరువిక్ ఆమ్లం. యీస్ట్ దాని నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను తీసేసి, మిగిలిన ఎసిటాల్డిహైడ్ మీద దించుతుంది, అది ఇథనాల్ అవుతుంది. పెరుగు తోడులో ఉండే బ్యాక్టీరియా నేరుగా పైరువిక్ ఆమ్లం మీదే దించుతుంది, అది లాక్టిక్ ఆమ్లం అవుతుంది. దోసె పిండి పొంగడం, అంబలి పులవడం, సద్దన్నం తెల్లారేసరికి పుల్లబడటం, అన్నీ ఈ కోవలోవే. ఇందులో మామూలుగా దక్కేది గ్లూకోజ్‌కు 2 ఏటీపీలే.

కాబట్టి మీ లెక్చరర్ చెప్పింది సరైనది. స్కూలు పుస్తకం తప్పు రాయలేదు, పిల్లల కోసం రెండింటినీ ఒక గాట కట్టింది. పదో తరగతిలో గ్లూకోజ్ ద్రావణంలో యీస్ట్ వేసి పైన పారాఫిన్ నూనె పోసి గాలి తగలకుండా చేసిన ప్రయోగం గుర్తుందా? అది కిణ్వనం. డిగ్రీ పేపర్‌లో తేడా అడిగితే ఎలక్ట్రాన్లను చివరికి ఎవరు అందుకుంటారు, రవాణా గొలుసు ఉందా లేదా అన్న రెండు విషయాలు రాస్తే చాలు. ఆక్సిజన్ ఉందా లేదా అన్నది తేడా కాదు, రెండింటికీ అది లేదు.

నిజమైన అవాయు శ్వాసక్రియను చూడాలంటే ల్యాబ్ అక్కర్లేదు. కేసీ కాలువ కింద వరి మడిలో దిగి చూడు. నీళ్లు నిలిచిన బురదలో ఆక్సిజన్ ఉండదు. అక్కడి బ్యాక్టీరియా నైట్రేట్‌తో శ్వాసించి దాన్ని నైట్రోజన్ వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తుంది. రైతు డబ్బు పెట్టి కొన్న యూరియాలో కొంత ఇలాగే ఎగిరిపోతుంది. అదే బురదలో కాలు అదిమితే బుడబుడమని పైకొచ్చే బుడగల్లో మీథేన్ ఉంటుంది. 1776లో ఇటలీలో అలెస్సాండ్రో వోల్టా అనే శాస్త్రవేత్త ఒక సరస్సు ఒడ్డున బురదను కర్రతో కెలికి, అలాంటి బుడగలనే పట్టి వెలిగించి చూశాడు. మీ వంటింటి మంట ఆ బురద బుడగకు మనుమరాలు.

ఇక అసలు సంగతికి వస్తున్నాను. ఇరవై ఆరేళ్లుగా ప్లాంట్లు కట్టిస్తూ, బాగు చేయిస్తూ నేను ప్రతి ఇంట్లో చెప్పేది ఇదే. ఇంధనం ఎక్కడి నుంచి వస్తుంది? ఆ జీవికి గాలి అందక తినలేక వదిలేసినది ఏదో, అదే మన ఇంధనం.

లెక్క చూడు. 180 గ్రాముల గ్లూకోజ్‌ను మండిస్తే సుమారు 2,800 కిలోజౌల్స్ వేడి వస్తుంది. దాన్ని యీస్ట్ పులియబెడితే 92 గ్రాముల ఇథనాల్, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. ఆ 92 గ్రాముల ఇథనాల్‌ను మండిస్తే సుమారు 2,730 కిలోజౌల్స్. బరువు సగానికి పడిపోయింది, వేడి మాత్రం నూటికి 97 పాళ్లు అలాగే ఉంది! మీథేన్ ఇంకా ఆశ్చర్యం. అదే 180 గ్రాముల నుంచి అంతా సరిగ్గా జరిగితే 48 గ్రాముల మీథేన్ వస్తుంది, దాన్ని మండిస్తే సుమారు 2,670. నాలుగో వంతు బరువులో 95 పాళ్ల వేడి. గాలి ఉండి ఉంటే ఆ సూక్ష్మజీవులు చక్కెరను కార్బన్ డయాక్సైడ్, నీళ్ల దాకా తినేసేవి, మనకు వేడి గాలి తప్ప ఏమీ మిగిలేది కాదు. పేడకుప్ప బయట పడి ఉంటే జరిగేది చాలావరకు అదే.

ఈత కల్లులో దొరికే జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా ఇంకా తక్కువ తింటుంది. దానికి గ్లూకోజ్‌కు దక్కేది ఒక్క ఏటీపీ. ఒళ్లు పెంచుకోవడానికి చాలదు కాబట్టి చక్కెర దాదాపు మొత్తాన్ని ఇథనాల్‌గా మార్చేస్తుంది. తక్కువ తినే జీవే మనకు ఎక్కువ ఇస్తుందనడానికి దీనికంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఫ్రెంచి శాస్త్రవేత్త పాశ్చర్ కిణ్వనాన్ని గాలి లేని బతుకు అన్నాడు. 1897లో జర్మన్ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ బుక్నర్ యీస్ట్‌ను నూరి, ప్రాణం లేని ఆ రసమే చక్కెరను పులియబెడుతుందని చూపించాడు. దానికే 1907లో నోబెల్ వచ్చింది. అక్కడి నుంచే ఎంజైమ్‌ల చదువు ఊపందుకుంది.

మీ ట్యాంకులో పని చేసేది ఒక్క జీవి కాదు, ఒకదాని ఎంగిలి ఇంకొకటి తినే నాలుగు బృందాలు. మొదటిది పిండి, పీచు, మాంసకృత్తులను చిన్న ముక్కలు చేస్తుంది. రెండోది ఆ ముక్కలను పులియబెట్టి రకరకాల ఆమ్లాలు చేస్తుంది, ఇది కిణ్వనం. మూడోది వాటిని ఎసిటిక్ ఆమ్లం, హైడ్రోజన్‌గా మారుస్తుంది. చివరిది మీథేన్ చేసే జీవులు. ఇవి బ్యాక్టీరియా కూడా కావు, ఆర్కియా అనే వేరే వంశం. 1977లో కార్ల్ వోస్ అనే శాస్త్రవేత్త ఈ వంశాన్ని విడిగా గుర్తించాడు. వీటిలో కొన్ని హైడ్రోజన్‌ను తీసుకుని ఎలక్ట్రాన్లను కార్బన్ డయాక్సైడ్ మీద దించి మీథేన్ చేస్తాయి. ఇది అవాయు శ్వాసక్రియ కిందికి వస్తుంది. ఎక్కువ మీథేన్ మాత్రం ఎసిటిక్ ఆమ్లాన్ని విరిచే వాటి నుంచి వస్తుంది. అంటే నువ్వు అడిగిన రెండు ప్రక్రియలూ మీ ఇంటి వెనక ఒకే గుంతలో, ఒకదాని వెనక ఒకటి జరుగుతున్నాయి.

ఆమ్లాలు చేసే బృందం కొన్ని గంటల్లో రెట్టింపు అవుతుంది. మీథేన్ చేసేవి రెట్టింపు కావడానికి రోజులు పడుతుంది. పేడ మెల్లగా కరుగుతుంది కాబట్టి వీళ్ల నడకలు సరిపోతాయి. చక్కెర నిండిన పండ్లను ఒక్కసారి గంపలకొద్దీ పోస్తే ముందువాళ్లు ఎగబడి ఆమ్లం చేస్తారు, వెనకవాళ్లు అందుకోలేరు. పీహెచ్ (పులుపును కొలిచే అంకె, ఎంత తగ్గితే అంత పులుపు) పడిపోతుంది. మీథేన్ జీవులకు 6.8 నుంచి 7.5 మధ్య బాగుంటుంది, 6.5 కంటే దిగితే అవి పని మానేస్తాయి. అవి మానేస్తే ఆమ్లం ఇంకా పేరుకుంటుంది. మీ ట్యాంకు పులిసిపోయింది తమ్ముడూ, అంతే.

అందుకే గ్యాస్ వస్తున్నా మండదు. ఆమ్లం చేసేటప్పుడు వచ్చేది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్. బాగున్న ప్లాంటు గ్యాస్‌లో మీథేన్ 55 నుంచి 65 శాతం ఉంటుంది. అది 40కి దిగితే పొయ్యి నిలబడదు. గ్యాస్ అసలు రాకపోతే లీకు ఉందేమో అని సబ్బు నురగతో చూడమంటాను, మీ విషయంలో ఒత్తిడి ఉంది కాబట్టి డోముకు (గ్యాస్ నిలిచే పై గుమ్మటానికి), పైపుకు తప్పు లేదు. అవుట్‌లెట్ దగ్గర వంగి చూడకుండానే పుల్లటి, వాంతి లాంటి వాసన వస్తుంటే ఇక సందేహం అక్కర్లేదు.

చీనీలో ఇంకో సంగతి ఉంది. చిన్నప్పుడు తొక్కను దీపం దగ్గర పెట్టి పిండి, చిటపటమని మెరుపులు వస్తుంటే ఆడుకుని ఉంటావు. ఆ మండేది తొక్కలోని నూనె, అందులో ఎక్కువ భాగం లిమొనీన్. కాయను బూజు నుంచి, పురుగు నుంచి కాపాడుకోవడానికి చెట్టు పెట్టుకున్న మందు అది. మీథేన్ జీవులకు పడదు, యీస్ట్‌కూ పడదు. మీరు చక్కెరతో పులియబెట్టి, పైన సూక్ష్మజీవుల మందు కూడా పోశారన్నమాట. గుజ్జు ఒక్కటే కొద్దికొద్దిగా వేసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

ఇలాంటిదే నా చేతుల మీదుగా జరిగింది. చాలా ఏళ్ల కిందట ఒక హాస్టల్‌కు ప్లాంటు కట్టించాను. ఏదో వేడుక తర్వాత మిగిలిన పులిహోర, మిఠాయి అంతా వాళ్లు అందులో పోశారు. గ్యాస్ తగ్గిందని నాకు కబురు పెట్టారు. నేను అప్పటికి కొత్త. గ్యాస్ తగ్గిందంటే మేత చాలలేదనుకుని, రోజూ వేసే పేడ రెట్టింపు చేయమన్నాను. మూడో రోజుకు ఆ చుట్టుపక్కల నిలబడలేకపోయాం. తేరుకోవడానికి నెల దాటింది, అన్నాళ్లూ వంటమనుషులు కట్టెల పొగలో వండారు. ఆ పొగకు కళ్లు ఎర్రబడ్డ వంటామె ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. అజీర్తి చేసిన పిల్లవాడికి ఇంకో ముద్ద పెట్టమన్నట్టు అయింది నేను చెప్పిన సలహా.

అందుకని మీరు చేయాల్సింది ఇలా. మేత పూర్తిగా ఆపండి. పేడ కూడా వద్దు. వంటింట్లో వాల్వు మూసేసి, బయట పైపు విప్పి, చుట్టూ నిప్పు, బీడీ లేకుండా చూసి ఆ మండని గ్యాస్‌ను వదిలేయండి. ఊర్లో మందుల కొట్టులోనో కాలేజీ ల్యాబ్‌లోనో పీహెచ్ కాగితాలు తెచ్చుకుని అవుట్‌లెట్ స్లర్రీలో (బయటికొచ్చే పేడ జావలో) ముంచి చూడు. 6.5 కంటే తక్కువ ఉంటే అవుట్‌లెట్ నుంచి పొడుగు కర్ర కట్టిన బకెట్‌తో, బయటే నిలబడి, మూడు నాలుగు రోజుల్లో కలిపి నాలుగో వంతు స్లర్రీ తోడేయండి. మీ ప్లాంటులో సుమారు 4,000 లీటర్ల స్లర్రీ ఉంటుంది. రోజుకు 50 కిలోల పేడ, 50 లీటర్ల నీళ్లు, 40 రోజుల నిల్వ అన్న లెక్క మీద చెబుతున్నాను.

తర్వాత తోడు వేయాలి. పాలకు పెరుగు తోడు వేసినట్టే. పక్క ఊర్లో బాగా మండుతున్న గోబర్ గ్యాస్ ఎవరింట్లో ఉందో కనుక్కుని, వాళ్ల అవుట్‌లెట్ నుంచి 200, 300 లీటర్ల స్లర్రీ డ్రమ్ముల్లో తెచ్చి, ఎండలో గంటలకొద్దీ ఉంచకుండా ఇన్‌లెట్‌లో పోయండి. కొత్త ప్లాంటు మొదలుపెట్టేటప్పుడు కూడా నేను ఇదే చేయిస్తాను. సున్నం గురించి చాలామంది చెబుతారు. వేయవచ్చు, కానీ బస్తా గుమ్మరించొద్దు. రోజుకు రెండు గుప్పెళ్ల సున్నం బకెట్ నీళ్లలో పాలలా కలిపి పోస్తూ, ప్రతి పూటా పీహెచ్ చూసుకుంటూ, 6.8 రాగానే ఆపేయాలి. సున్నం ఎక్కువైతే డోములోని కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుని లోపల ఒత్తిడి తగ్గిపోతుంది, అప్పుడు సందుల్లోంచి గాలి లోపలికి వస్తుంది. నేనైతే తోడు మీదే ఎక్కువ ఆధారపడతాను.

పది, పదిహేను రోజులు ఓపిక పట్టాలి. మధ్యలో వెలుగుతోందా అని పొయ్యి దగ్గర మాత్రమే చూడాలి, డోము పైపు దగ్గర ఎప్పుడూ అగ్గిపుల్ల గీయకూడదు. మంట నీలంగా నిలబడ్డాక రోజుకు 10 కిలోల పేడతో మొదలుపెట్టి, వారానికి 10 చొప్పున పెంచుకుంటూ 50కి పోండి. ఈ డిసెంబరు, జనవరి చలికి గ్యాస్ ఎలాగూ కొంత తగ్గుతుంది. ఆ జీవులకు 30 నుంచి 38 డిగ్రీలు ఇష్టం. పేడ కలిపే నీళ్లను పొద్దున గాబులో ఎండకు పెట్టి మధ్యాహ్నం కలపండి. అంత చిన్న పనికే తేడా తెలుస్తుంది.

మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయా? అలా ఉంటే ఇంకో మాట. కొన్ని ఊర్ల నీళ్లలో సల్ఫేట్ ఎక్కువ. సల్ఫేట్‌తో శ్వాసించే బ్యాక్టీరియా మీథేన్ జీవుల నోటి దగ్గరి కూడు లాక్కుని, హైడ్రోజన్ సల్ఫైడ్ చేస్తుంది. ఒకామె వంటింట్లో తోమి పెట్టిన ఇత్తడి చెంబు రెండు రోజులకే నల్లబడుతోందని చూపించింది, పొయ్యి బర్నర్ తుప్పు పట్టి పొరలు పొరలుగా రాలుతోంది. గ్యాస్ పైపు మధ్యలో ఇనుప రజను నింపిన డబ్బా పెట్టించాం, వాసన తగ్గింది. ఆ రజను మార్చేటప్పుడు బాగా తడిపి తీయాలి, ఎందుకంటే పొడిగా గాలి తగిలితే అదే వేడెక్కి అంటుకుంటుంది. వాన నీళ్లు, గొడ్లను కడిగిన నీళ్లు, సబ్బు లేనివి అయితే, పేడలో కలపడానికి అలాంటి బోరు నీళ్ల కంటే మేలు.

ఇక ఇథనాల్. ఆలోచన మంచిదే, కానీ ఇంట్లో వద్దు. లైసెన్సు లేకుండా పులియబెట్టి బట్టీ పెట్టడం ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. బండికే పోస్తానని చెప్పినా బెల్లం ఊటకు, నీ చీనీ ఊటకు తేడా చూడరు. ఇంట్లో పెట్టిన బట్టీ పక్కన ఇథనాల్ ఆవిరి అంటుకుంటే ఒళ్లు కాలిపోతుంది. చట్టం, ప్రమాదం పక్కన పెట్టినా లెక్క కుదరదు. 100 కిలోల చీనీకి 50 లీటర్ల రసం వస్తుందనుకుందాం, అందులో 9 శాతం చక్కెర అంటే నాలుగున్నర కిలోలు. యీస్ట్ ఎంత బాగా పనిచేసినా అందులోంచి ఇథనాల్ మూడు లీటర్లకు మించదు. అది కూడా 50 లీటర్ల నీళ్లలో కలిసి ఉంటుంది. విడదీయడానికి కాచాలి, ఆ కట్టెల వేడి లెక్క వేస్తే చేతికి మిగిలేది తక్కువ. ఎంత కాచినా బరువులో సుమారు 95.6 శాతం దగ్గర ఆగిపోతుంది, మిగిలిన నీటిని మామూలు బట్టీ తీయలేదు. నీళ్లున్న ఇథనాల్ పెట్రోల్‌లో కలవక అడుగున విడిగా కూర్చుంటుంది, ఇంజిన్ పాడవుతుంది. ఫ్యాక్టరీల్లో ఆ చివరి నీళ్లను జియోలైట్ గుళికలతో పీల్చి 99.5 శాతం దాటిస్తారు.

దేశం మొత్తం మీద చూస్తే ఇది పెద్ద కథే. పెట్రోల్‌లో 5 శాతం ఇథనాల్ కలపడం 2003లో కొన్ని రాష్ట్రాల్లో మొదలైంది. 2022 జూన్‌లో 10 శాతానికి చేరింది, 2023 ఫిబ్రవరిలో 20 శాతం కలిపిన పెట్రోల్ బంకుల్లోకి వచ్చింది, 2025లో దేశమంతటా సగటున 20 శాతానికి చేరింది. ఇందుకు వాడేది చెరకు రసం, మొలాసిస్ (చక్కెర తీశాక మిగిలే మడ్డి), నూకలు, మొక్కజొన్న. టన్ను నూకలకు సుమారు 450 లీటర్లు, మొక్కజొన్నకు సుమారు 380, చక్కెర పూర్తిగా తీశాక మిగిలే చివరి మొలాసిస్‌కు సుమారు 225 వస్తుంది. లీటరు ఇథనాల్‌లో ఉన్న వేడి లీటరు పెట్రోల్‌లో మూడింట రెండు వంతులే అన్నది కూడా గుర్తుపెట్టుకో.

మన సీమకు ఇది ఎంతవరకు నప్పుతుందన్న విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. మొలాసిస్‌తో లీటరు ఇథనాల్ తీస్తే 8 నుంచి 15 లీటర్ల మురుగు నీళ్లు మిగులుతాయి. అనంతపురం జిల్లాలో ఏడాదికి పడేదే సుమారు 550 మిల్లీమీటర్ల వాన. యీస్ట్‌కు 30, 32 డిగ్రీలు కావాలి, మన ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకులను చల్లబరచడానికే నీళ్లు కావాలి. తీపి జొన్న మీద పటాన్‌చెరులోని పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్‌లో చాలా పని జరిగింది, దంటు రసంలో చక్కెర బాగుంటుంది, చెరకు కంటే నీళ్లు తక్కువ తాగుతుంది. జొన్న మన పంటే కాబట్టి నేను కూడా ఆశపడ్డాను. కానీ కోసిన దంటును ఒక రోజులోపు గానుగ ఆడాలి, పిండిన రసం మన ఎండకు కొన్ని గంటల్లోనే పులుస్తుంది. అంటే యీస్ట్ కంటే ముందు లాక్టిక్ బ్యాక్టీరియా తినేస్తుంది. చేను పక్కనే ఫ్యాక్టరీ ఉంటే తప్ప సాగదు.

పత్తి కట్టె, కంది కట్టె, వేరుశనగ పొట్టుతో ఇథనాల్ తీయవచ్చు కదా అని ఇంకొందరు అడుగుతుంటారు. వాటిలో చక్కెర ఉంది, కానీ సెల్యులోజ్‌గా పేనుకుని, చుట్టూ లిగ్నిన్ పూతతో ఉంటుంది. యీస్ట్ దాన్ని ముట్టుకోలేదు. ముందు ఆమ్లంతోనో ఆవిరితోనో పగలగొట్టి, ఎంజైమ్‌లతో విడదీయాలి. పానిపట్‌లో 2022లో వరిగడ్డితో మొదలైన ప్లాంటు అలాంటిదే, అది వందల కోట్ల వ్యవహారం. వేరుశనగ పొట్టును గోబర్ గ్యాస్‌లో వేసినా అంతే, కరగదు, పైన తెట్టు కట్టి గ్యాస్‌కు అడ్డం పడుతుంది. కానుగ నూనె, అడవి ఆముదం నూనెతో చేసే బయోడీజిల్‌కు కిణ్వనంతో సంబంధమే లేదు, అది నూనెను ఆల్కహాల్‌తో కలిపి చేసే రసాయన చర్య. పరీక్షలో కలిపి రాయకు.

మన ఇళ్లకు గోబర్ గ్యాసే సరి అని నేను అనేది అందుకే. బట్టీ పెట్టక్కర్లేదు, గ్యాస్ దానంతటదే నీళ్ల నుంచి విడిపోయి పైకొస్తుంది. కిలో పేడకు సుమారు 40 లీటర్ల గ్యాస్, 50 కిలోలకు 2 ఘనపు మీటర్లు. ఒక ఘనపు మీటరు గ్యాస్ సుమారు 0.45 కిలోల ఎల్పీజీతో సమానం. లెక్క వేస్తే 14.2 కిలోల సిలిండర్ పని మీ ప్లాంటు పదహారు రోజుల్లో చేసేస్తుంది. పేడలోని నత్రజని దాదాపు అంతా స్లర్రీలోనే ఉంటుంది, అందులో కొంత చెట్టు తొందరగా తీసుకునే అమ్మోనియం రూపంలో. చీనీ పాదులకు దానికి మించిన ఎరువు మీరు కొనలేరు. ఎండకు ఆరబెట్టి వేస్తే ఆ అమ్మోనియా గాలికి పోతుంది, పచ్చిగా ఉన్నప్పుడే పాదులో పోసి మన్ను కప్పాలి. ఇప్పుడు తోడేసే పుల్లటి స్లర్రీని మాత్రం చెట్ల మొదట్లో పోయొద్దు. గుంతలో ఎండుటాకులతో కలిపి రెండు నెలలు మాగనివ్వండి.

రాలిన చీనీకాయలు వచ్చే ఏడు కూడా ఉంటాయి. తొక్క ఒలిచి గుజ్జు మాత్రం, రోజుకు మూడు నాలుగు కిలోలకు మించకుండా, పేడతో కలిపి వేయవచ్చు. తొక్కలు విడిగా ఎరువు గుంతలోకి పోవాలి. తోడు స్లర్రీ పోసిన రోజున, వారం తర్వాత, పదిహేనో రోజున పీహెచ్ ఎంతుందో ఒక కాగితం మీద రాసి ఇన్‌లెట్ పక్కన గోడకు అంటించు. మీ నాయన దాన్ని చూసి ఎప్పుడు పేడ మొదలుపెట్టాలో తనే చెబుతాడు.